పాలపిట్టకి ఎన్ని రంగులు? లినోకట్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల సంచికలో నేను చెక్కిన పాలపిట్ట బొమ్మ వేశారు. కింద ‘లినోకట్, అయిదు రంగులు’ అని ఒక్క ముక్క మాత్రమే రాశాం. దాని మీద వచ్చిన ప్రశ్నలతోనే ఈ నెల శీర్షిక నిండిపోయింది. కొన్ని ఉత్తరాలు చాలా పొడుగ్గా ఉన్నాయి కాబట్టి అసలు ప్రశ్న వరకే ఇస్తున్నాను.

లినో అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం ముందే చెప్తాను. అవిసె నూనెని గాలి తగలనిచ్చి, అది బంకలా చిక్కబడ్డాక అందులో కార్కు పొడి, రంపపు పొట్టు లాంటివి కలిపి, గోనెపట్టా మీద పరిచి చేసే మందపాటి షీటు అది. 1860ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన ఇళ్లలో నేల మీద పరవడానికి కనిపెట్టాడు. కళాకారుల చేతికి అది తర్వాతెప్పుడో వచ్చింది. చెక్కకి ఉన్నట్టు దీనికి నార ఉండదు, అందుకని ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. చెక్కేసిన చోట రంగు అంటదు, మిగిలిన చోట అంటుతుంది, దాని మీద కాగితం పెట్టి రుద్దితే బొమ్మ పడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వచ్చాను, రీడింగ్ అనే ఊళ్లో ఉంటున్నాం. ఇక్కడ ఒక బొమ్మల కొట్లో రంగురంగుల పక్షి బొమ్మ చూశాను. కింద పెన్సిల్‌తో 14/50 అని, పక్కన సంతకం. అడిగితే లినోకట్ ప్రింట్ అన్నారు. ప్రింట్ అంటే జిరాక్స్ లాంటిదే కదా, అంత ధర ఎందుకు? కొనమంటారా? (ఒక పాఠకురాలు, రీడింగ్)

జవాబు: పెద్దమ్మగారూ, మీరున్న ఊరు పేరు చూడగానే నాకు సంతోషమేసింది. పక్షుల లినోకట్ అనగానే నాకు ముందు గుర్తొచ్చే రాబర్ట్ గిల్మర్ పుట్టింది రీడింగ్‌లోనే, 1936లో. వాళ్ల తాతగారు ఆలెన్ సీబీ జపాన్ పద్ధతిలో రంగుల చెక్క అచ్చులు వేసేవారు, ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే ప్రొఫెసర్. ఆ ఇంట్లో పెరిగిన పిల్లాడు జీవితమంతా పక్షుల్నే చూస్తూ, గీస్తూ, చెక్కుతూ గడిపి 2022లో కన్నుమూశారు. చివరి ఇరవై ఏళ్లకి పైగా నార్ఫోక్ తీరంలో క్లే అనే ఊళ్లో, బురద మడుల పక్కనే ఉన్నారు. నీటి పక్షులు చూడాలంటే ఇంట్లోంచి బయటికొస్తే చాలు అన్నట్టుండే చోటు.

ఆయన సంగతి ఎందుకు ఎత్తానంటే మీ ప్రశ్నకి జవాబు ఆయన పనిలోనే ఉంది. 2010 నుంచి బ్రిటన్ పోస్టల్ శాఖ కొన్ని స్టాంపులకి ఆయన చెక్కిన పక్షుల లినోకట్లు వాడింది. మొదటి సెట్టులో తోటలో తిరిగే పక్షులు, వాటిలో మన పిచ్చుక కూడా ఉంది. ఇప్పుడు ఆ పిచ్చుక రెండు రకాలుగా ఉందన్నమాట. లినో మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీసినది ఒకటి. దాన్ని ఫొటో తీసి యంత్రం మీద స్టాంపుగా వేసినది ఇంకొకటి. రెండోది నకలు, మీరు జిరాక్స్ అన్నది దానికి సరిపోతుంది. మొదటిది నకలు కాదు, ఎందుకంటే దానికి ముందు ‘అసలు బొమ్మ’ అంటూ ఎక్కడా లేదు. పలక మీద ఉన్నది తిరగబడిన, రంగు పట్టిన గాట్లు, గట్లు మాత్రమే. బొమ్మ అనేది కాగితం మీదే పుడుతుంది, యాభై కాగితాలు తీస్తే యాభై అసలు బొమ్మలు. ఒకే పెనం మీద పోసిన దోసెల్లో ఏది అసలు దోసె అని అడగం కదా, ఇదీ అంతే.

14/50 అంటే మొత్తం యాభై తీశారు, ఇది పద్నాలుగోది అని. ఒకటో నంబరు గొప్పది, యాభయ్యోది తక్కువది అని ఏం లేదు. కొట్టువాడు ఒకటో నంబరుకి ఎక్కువ చెప్తే ఒప్పుకోకండి.

నిజంగా చేత్తో అచ్చు వేసిందేనా అని తేల్చుకోవాలంటే మీ అబ్బాయి దగ్గర భూతద్దం ఉంటే పట్టుకెళ్లండి. యంత్రం మీద వేసిన నకలైతే రంగు మొత్తం సన్నని చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. లినోకట్‌లో చుక్కలుండవు, రంగు ఒకే పొరలా పరుచుకుని ఉంటుంది, ఒక రంగు మీద ఇంకోటి ఎక్కిన చోట అంచు కాస్త ఎత్తుగా తెలుస్తుంది. బొమ్మని పక్కకి వంచి వెలుతురులో చూస్తే ఆ పొరల మెరుపు కూడా వేరువేరుగా ఉంటుంది. ఇవి కనిపించి, ఇంటికొచ్చాక కూడా ఆ పక్షి మీ మనసులో తిరుగుతుంటే కొనేసుకోండి.

ప్రశ్న: మాది పెడన. మా తాతయ్య కలంకారీ అచ్చులు చెక్కేవారు, ఇప్పుడు మా బాబాయి చెక్కుతున్నారు. మా ఇంట్లో గీతకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వేరేగా చేస్తారు. మీ పాలపిట్టని ఒకే పలకతో అయిదు రంగుల్లో వేశారని విన్నాను. ఒకే పలక మీద ఎలా కుదురుతుంది? (ఇంటర్ విద్యార్థిని, పెడన)

జవాబు: తల్లీ, ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఒక సంగతి తెలుసుకో, మీ ఇంటి పద్ధతి లినోకట్‌లో కూడా ఉంది. లండన్‌లో గ్రాస్వెనర్ స్కూల్ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ అని ఒక బడి ఉండేది, అక్కడ 1926 నుంచి క్లాడ్ ఫ్లైట్ అనే ఆయన రంగుల లినోకట్ నేర్పాడు. రంగుకో పలక. కాకపోతే మీ ఇంట్లోలా విడిగా గీతల అచ్చు ఉండదు, రంగు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి పడటంతోనే బొమ్మ తేలాలి. ఇలాంటి బొమ్మలు సినిమా టికెట్టంత ధరకి దొరకాలి, మామూలు మనుషుల ఇళ్ల గోడల మీద ఉండాలి అని ఆయన పట్టుదల. ఆ మాట నాకు చాలా ఇష్టం. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల ప్రింట్లు ఇప్పుడు వేలంపాటల్లో ఏ ధర పలుకుతున్నాయో చూస్తే మాత్రం బాధేస్తుంది.

ఇక ఒకే పలక సంగతి. దీన్ని రిడక్షన్ పద్ధతి అంటారు. పికాసో ఫ్రాన్స్‌లోని వల్లోరీస్‌లో ఉన్నప్పుడు, 1950ల చివర్లో, హిడాల్గో ఆర్నెరా అనే అచ్చు పనివాడితో కలిసి ఈ పద్ధతిలో వరసగా బొమ్మలు వేశాడు, దాంతో దీనికి పేరొచ్చింది. కిటుకు ఇంతే: కొంచెం చెక్కి ఒక రంగు వేస్తాం, అదే పలకని ఇంకొంచెం చెక్కి మొదటి రంగు మీదే రెండో రంగు వేస్తాం, మళ్లీ చెక్కి మూడోది. ప్రతిసారీ పలక తగ్గిపోతుంటుంది, కాగితం మీద బొమ్మ పెరుగుతుంటుంది.

పాలపిట్టనే తీసుకుందాం. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూశావా, మట్టి రంగులో, పెద్దగా ఎవరి కళ్లకీ ఆనదు. ఎగిరినప్పుడే ఉంది దాని అందం, రెక్క విప్పగానే లేత నీలం, ముదురు నీలం పట్టీలు పట్టీలుగా తెరుచుకుంటాయి. అందుకే నేను ఎగిరే పిట్టనే తీసుకున్నాను. గొంతు కింద సన్నని లేత గీతలుంటాయి, కంట్లో ఒక మెరుపు చుక్క ఉంటుంది. ఇవి కాగితం తెలుపే కాబట్టి అన్నిటికంటే ముందు వీటిని చెక్కేశాను. అప్పుడు ఆకాశం కోసం పలకంతా లేత బూడిద పసుపు పూసి ఇరవై నాలుగు కాగితాలు తీశాను. తర్వాత ఆకాశం ఉన్న భాగం మొత్తం చెక్కేశాను, ఇక పలక మీద పిట్ట మాత్రమే మిగిలింది. దానికి లేత నీలం. అదీ అచ్చయ్యాక రెక్కల్లో, తోకలో లేత నీలంగానే ఉండిపోవాల్సిన పట్టీలు తీసేశాను. మూడోది ఛాతీ, వీపుల గోధుమ రంగు. ఇక్కడ జాగ్రత్త పడాలి. ఈ రంగు రెక్క మీద కూడా పడితే పైన వేసే ముదురు నీలం చచ్చిపోతుంది, అందుకని చిన్న రోలర్‌తో ఒంటి వరకే పూశాను. అడుగున లేత నీలం ఉండబట్టి ఆ గోధుమకి నేరేడు ఛాయ వచ్చింది. పాలపిట్ట ఛాతీని దగ్గరగా చూస్తే అచ్చం ఆ ఛాయే ఉంటుంది, అది నేను కలిపిన రంగు కాదు, రెండు రంగులు ఒకదాని మీద ఒకటి పడి పుట్టిన రంగు. నాలుగోది ముదురు నీలం. అయిదోది ముక్కు, కంటి పక్క గీత, గోళ్ల కోసం దాదాపు నలుపు. ఆ చివరి రంగు వేసేటప్పటికి అంత పెద్ద పలక మీద ఆ నాలుగు పిసర్లే మిగిలాయి.

మీ బాబాయి చెక్కిన టేకు అచ్చు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దీంట్లో అలా కాదు, ఇరవై నాలుగు తీశానంటే ఇరవై నాలుగే, పాతిక కావాలన్నా పుట్టదు. ఎన్ని కాగితాలు అన్నది మొదటి రంగు రోజునే తేల్చుకోవాలి, పాడయ్యేవాటి కోసం ఓ అయిదారు కలుపుకుని మరీ.

తప్పు చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. మూడేళ్ల కిందట మోదుగ పూల కొమ్మ చెక్కాను. మోదుగ పువ్వుకి అందం ఆ కాషాయ రేకుల్లో సగమే, మిగతా సగం వాటిని పట్టుకుని ఉండే నల్లటి తొడిమలో ఉంది. దగ్గరికెళ్లి ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంటుంది అది. కాషాయం అచ్చు వేశాక పువ్వుల భాగం చెక్కేస్తూ, అర్ధరాత్రి దాటిన మత్తులో, ఆ తొడిమల్ని కూడా చెక్కేశాను. ఇంకో రంగు పడాల్సిన చోట పలకే లేదు. తప్పు ఒక్క కాగితం మీద కాదు, తీసిన అన్ని కాగితాల మీదా అదే తప్పు. రెండు రోజులు వాటి వంక చూడబుద్ధి కాలేదు. మూడో రోజు వేరే లినో ముక్క తీసుకుని తొడిమలు మాత్రం విడిగా చెక్కి, ఒక్కో పువ్వు దగ్గర ఆనించి అద్దాను. అంటే చివరికి నన్ను ఒడ్డున పడేసింది మీ ఇంటి పద్ధతే, రంగుకో అచ్చు.

ఇంకో తేడా కూడా నీకు ఆసక్తిగా ఉంటుంది. మీ వాళ్లు గుడ్డని బల్ల మీద పరిచి అచ్చుని తెచ్చి దాని మీద అద్దుతారు, కంటి అంచనాతో, చేతి వాటంతో. లినోలో పలక కదలదు, కాగితమే వచ్చి దాని మీద వాలుతుంది. ప్రతి రంగుకీ కాగితం అదే చోట వాలాలని ఒక అట్ట మీద పలక పెట్టి, కాగితం మూల ఆనడానికి ఎల్ ఆకారంలో ఇంకో అట్టముక్క అతికిస్తాం. వెంట్రుకవాసి జరిగినా పిట్ట కన్ను పిట్టలో ఉండదు. నువ్వు మీ బాబాయి పక్కన కూర్చుని ఒక లినో ముక్క చెక్కి చూడు. టేకు చెక్కే ఇంట్లో పుట్టినదానివి, నీ చేతికి లినో వెన్నలా అనిపిస్తుంది.

ప్రశ్న: ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ చెప్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలతో లినోకట్ చేయించాలని ఉంది. ఉలి చేతికివ్వాలంటే టెన్షన్‌గా ఉంది, ఖర్చు సంగతి సరేసరి. ఎలా మొదలుపెట్టను? (ఒక మాస్టారు, పార్వతీపురం)

జవాబు: మాస్టారూ, మీ టెన్షన్ సబబే, కానీ ఆగిపోకండి. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే మాస్టారు నూరేళ్ల కిందటే పిల్లలతో లినో చెక్కించాడు. పైన చెప్పిన క్లాడ్ ఫ్లైట్‌కి కూడా ఆ పిల్లల బొమ్మలు చూశాకే ఇందులో ఉన్న బలం తెలిసొచ్చింది. మన దేశంలో నందలాల్ బోస్ 1930లో టాగోర్ బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కి వేసిన బొమ్మలు లినోకట్లే. చిన్నపిల్లలు అక్షరాలు నేర్చుకునే పుస్తకం, అందులో నలుపు తెలుపుల్లో చెట్లూ పల్లె మనుషులూ. ఆ ఏడాదే ఆయన చేతికర్రతో నడుస్తున్న గాంధీగారి బొమ్మ కూడా లినో మీదే చెక్కారు. దండి యాత్ర అనగానే మనందరి కళ్ల ముందుకొచ్చే ఆ నల్లని బొమ్మే. ఒక్క రంగుతో ఎంత చెప్పొచ్చో పిల్లలకి చూపించడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మొదటి రెండు వారాలు ఉలి వద్దు. బెండకాయ ముక్కతో, రబ్బరు ముక్కతో మొదలుపెట్టించండి. తర్వాత థర్మాకోల్ పళ్లెం అడుగు కత్తిరించి దాని మీద రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి ఆకు ఈనెలు గీయించండి. నొక్కిన చోట రంగు అంటదు కాబట్టి ‘తీసేసింది తెల్లగా వస్తుంది’ అన్న సంగతి పిల్లల బుర్రకి ఎక్కేస్తుంది. అసలు ఈ పనిలో కష్టం చెయ్యిది కాదు, ఆ తిరకాసు ఆలోచనదే. బొమ్మ తిరగబడుతుంది అన్నది కూడా అప్పుడే తెలియనివ్వండి. తన పేరులో ‘ర’ అటు తిరిగి పడటం చూసిన పిల్లాడికి ఇక ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

ఉలి ఇచ్చే రోజు మాత్రం కొన్ని విషయాల్లో పట్టుబట్టండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి, ఉలి వెళ్లే దారిలో ఉండకూడదు. నాకు తెలిసినంతలో ఈ పనిలో తెగే గాయాలన్నీ ఇది మరిచిపోయినప్పుడే. ఒక చెక్కముక్కకి ముందు అంచున కిందికి, వెనక అంచున పైకి ఒక్కో పట్టీ కొట్టించండి. కింది పట్టీ బల్లకి ఆనుతుంది, పై పట్టీకి లినో ఆనుతుంది, ఇక జారదు. ఏ వడ్రంగైనా అరగంటలో చేసిస్తాడు. చెక్కే ముందు లినోని ఓ పది నిమిషాలు ఎండలో పెట్టించండి, మెత్తబడి ఉలి సాఫీగా పోతుంది, ఆ ఎండకి మన దగ్గర కొదవేముంది. మొద్దుబారిన ఉలి పిల్లలకి సురక్షితం అనుకుంటారు చాలామంది, అది తప్పు. పదును లేని ఉలికే బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడే జారుతుంది.

ఖర్చంటారా, అచ్చు యంత్రం అసలు అక్కర్లేదు. చెక్క గరిటె వెనక భాగంతో గుండ్రంగా రుద్దితే చాలు, నేను ఇప్పటికీ చిన్న బొమ్మలు అలాగే తీస్తాను. ఒక్కో పిల్లాడికి అరచేతి అంత లినో ముక్క ఇవ్వండి. పిల్లలకి నీళ్లలో కడిగేసే రంగు మంచిది, కానీ మన ఎండాకాలంలో అది పలక మీదే ఆరిపోతుంది, అందుకని జూన్ తర్వాతే పెట్టుకోండి. ఇక బొమ్మకి పుస్తకంలోంచి ఏదీ ఇవ్వొద్దు. మీ చుట్టూ ఏజెన్సీ కొండలున్నాయి. ఒక్కొక్కళ్లనీ ఒక్కో ఆకు తెచ్చుకోమనండి.

ప్రశ్న: నేను తీసిన ప్రింట్లలో రంగు నిండుగా పడటం లేదు, తెల్లటి చుక్కలు చుక్కలుగా ఉంటోంది. ఇంకోసారి వేస్తే సన్నని గీతలన్నీ పూడిపోతున్నాయి. తప్పెక్కడ? (వరంగల్)

జవాబు: చుక్కలుగా పడితే రంగు తక్కువైంది లేదా సరిగ్గా రుద్దలేదు. గీతలు పూడితే రంగు ఎక్కువైంది. గాజు పలక మీద రోలర్ దొర్లించేటప్పుడు చెవి పెట్టి వినండి, సన్నగా చిటపటమన్న చప్పుడు రావాలి. బురదలో నడిచినట్టు చప్పుడొస్తే రంగు ఎక్కువుంది, కొంచెం గీకి తీసేయండి. ఒకేసారి దండిగా పూయకుండా పల్చగా నాలుగైదు సార్లు పూయండి. కాగితం గరుకుగా ఉన్నా చుక్కలొస్తాయి, చేత్తో రుద్దేవాళ్లకి నున్నటి, పల్చటి కాగితమే మంచిది. నూనె రంగు వాడుతుంటే వానాకాలంలో ఒక్కో పొర ఆరడానికి వారం కూడా పట్టొచ్చు. తడి మీద ఇంకో రంగు వేస్తే కింది రంగు ఊడి పలకకి అంటుకుంటుంది. ఓపిక పట్టండి. రోలర్ కడగడానికి కిరోసిన్ అక్కర్లేదు, కాస్త వంటనూనె వేసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బునీళ్లతో కడిగితే పోతుంది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికిన లకుముకి పిట్ట ఫొటో చూసి లినో చెక్కాను, చాలా బాగొచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా? (బెంగళూరు)

జవాబు: ఆ ఫొటో తీసినవాళ్ల అనుమతి లేకుండా అమ్మకండి. ఆ ఒక్క క్షణం కోసం వాళ్లు ఏ చెరువు గట్టునో ఎన్ని గంటలు కూర్చున్నారో. చట్టప్రకారం కూడా ఆ హక్కు వాళ్లదే. మీరు మాధ్యమం మార్చినంత మాత్రాన అది మీ సొంతం అయిపోదు. ఆ ఫొటోగ్రాఫర్‌కి ఒక మెసేజ్ పెట్టి అడగండి, కొందరు సంతోషంగా ఒప్పుకుంటారు.

అయితే నేను చెప్పదలచుకున్నది అది మాత్రమే కాదు. ఫొటోలో ఈకకి ఈక కనిపిస్తుంది, దాన్ని చూసి చెక్కితే అన్నీ చెక్కాలనిపిస్తుంది, చివరికి బొమ్మ గజిబిజి అవుతుంది. బయటికెళ్లి చూసినప్పుడు లకుముకి పిట్ట మీకు రెండు సెకన్లే కనిపిస్తుంది, నీలం మెరుపు, తెల్లటి గొంతు, పొడుగాటి ఎర్ర ముక్కు, అంతే. లినోకి కావాల్సింది ఆ రెండు సెకన్లలో మీ కంటికి చిక్కిన ముక్కే. మూడు నాలుగు రోజులు వరసగా ఒకే చోటికి వెళ్లి కూర్చోండి, ఇంటికొచ్చాక ఏమీ చూడకుండా గుర్తున్నది గీయండి. గుర్తుండనిదాన్ని చెక్కక్కర్లేదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా లినో పాడుచేశాక తెలిసింది.

ప్రశ్న: అన్నీ ఇంగ్లండ్, ఫ్రాన్స్ పేర్లే చెప్తారు. తెలుగువాళ్లలో ప్రింట్‌మేకర్లు లేరా? (నిజామాబాద్)

జవాబు: ఎందుకు లేరండీ, ప్రపంచమంతా ఎరిగినవాళ్లే ఉన్నారు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డిగారి పేరు మన బళ్లలో వినపడకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. రిషి వ్యాలీలో చదువుకుని, శాంతినికేతన్ వెళ్లి పైన చెప్పిన నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, లండన్ మీదుగా ప్యారిస్‌కి చేరారు. అక్కడ హేటర్ అనే ఇంగ్లీషు కళాకారుడు నడిపిన అటెలియే 17 అనే స్టూడియోలో ఆయన చేసిన పని ప్రింట్‌మేకింగ్ దారే మార్చేసింది.

ఆయనది లినోకట్ కాదు, లోహపు పలక మీద పని. కానీ పెడన అమ్మాయి అడిగిన ప్రశ్నే ఆయన్నీ పట్టుకుంది, ఒకే పలకతో ఇన్ని రంగులు ఎలా అని. మనం లినోలో రంగుకోసారి అచ్చు వేస్తున్నాం కదా, ఆయనా ఆయన సహచరులూ ఒకే పలక మీద ఒకేసారి అన్ని రంగులూ పూసి, ఒక్క అచ్చులోనే తీసే పద్ధతి పట్టుకున్నారు. పేరు విస్కాసిటీ ప్రింటింగ్, విస్కాసిటీ అంటే చిక్కదనం. పలకని శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. గట్టి రోలర్ ఎత్తుల్ని మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలర్ పల్లాల్లోకి కూడా దిగుతుంది. ఒక రంగులో నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ ఉండేలా కలిపితే అవి ఒకదాన్నొకటి కలవనివ్వకుండా తోసేసుకుంటాయి. కూరలో పైకి తేలిన నూనె పులుసుతో కలవకుండా నిలబడటం రోజూ చూస్తూనే ఉంటాం. దాదాపు అలాంటి స్వభావాన్నే ఆయన రంగుల కోసం వాడుకున్నారు.

చేపలు, పురుగులు, నీటి సుడులు, అలలు ఆయనకి ఇష్టమైన వస్తువులు. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ అనే ప్రింట్ వీలైతే నెట్‌లో వెతికి చూడండి, చిన్న తెరలో కాకుండా పెద్ద తెర మీద. నీళ్లు తిరుగుతున్నట్టు ఉంటుందని నేను రాయను, మీరే చూడండి. 1972లో పద్మశ్రీ వచ్చింది. న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి 2018లో అక్కడే పోయారు. ఇంకా మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ఉన్నారు, ఎచింగ్‌లో, అంటే లోహపు పలక మీద గీతల్ని ఆమ్లంతో తినిపించి అచ్చు తీసే పనిలో, ఆయన గీత ఎవరికీ రాదు. ఆయన మీద విడిగా ఒక నెల శీర్షిక రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ప్రశ్న: పెళ్లికి ఒక ఫ్రెండు లినోకట్ ప్రింట్ ఇచ్చింది, తామరాకుల బొమ్మ. ఎక్కడ తగిలించమంటారు? హాల్లో కిటికీ ఎదురుగా బాగుంటుందని మావారు అంటున్నారు. (కాకినాడ)

జవాబు: కిటికీ ఎదురుగా వద్దమ్మా, నేరుగా ఎండ పడితే రంగులు వెలిసిపోతాయి, ముందు గులాబీ రంగులు పోతాయి. బాత్రూమ్ పక్క గోడ, వానకి చెమ్మెక్కే గోడ కూడా వద్దు, మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి ఇంకా జాగ్రత్త. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి, లేకపోతే చెమ్మకి రంగు అద్దానికి అతుక్కుంటుంది. కింద పెన్సిల్‌తో నంబరు, సంతకం ఉంటే ఆ అట్ట వాటిని కప్పేయకుండా చూసుకోండి, ఫ్రేములవాళ్లు అంచు నీటుగా ఉంటుందని కాగితాన్ని కత్తిరించేస్తుంటారు. ముందే చెప్పి పక్కన నిలబడండి.